నీరటి ఇంటి కంబం

మా ఊరి కుంట కట్ట కింద ఉన్న పాత ఇంటిని కూలగొట్టొద్దని కాగితం మీద సంతకం చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ ఇంటి మీద నాకు ప్రేమ లేదు. అందులో పద్దెనిమిదేళ్లు కాపురం చేశాను. వానొస్తే నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాలి. చలికాలం గోడలు చెమ్మగిల్లి బొంతలు తడిసేవి. అది కూలితే నేను ఏడ్చేదాన్ని కాదు. నాకు కావలసింది ఆ ఇంటి వసారా నేల ఒక్కటే. ఆ నేల మీద గచ్చులో చెక్కిన గీతలున్నాయి. వాటిలో ఒక గీతను నా పెనిమిటి దొంగతనంగా జరిపాడని ఊరు అన్నది. జరపలేదని చెప్పగలిగిన సాక్షి ఆ నేల ఒక్కటే. మనుషుల్లో ఒక్కరూ చెప్పలేదు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు పక్కన మా ఊరు. నా పెనిమిటి మా కుంటకు నీరటి. తూము తెరవడం, మూయడం, కాలువల వెంట తిరిగి ఎవరి వంతు నీళ్లు వాళ్ల మడికి మలపడం ఆయన పని. ఆ పని చేసేవాడికి ఉండడానికి ఆ ఇల్లు. నిజాం కాలంలో కట్టించారంటారు. ఎవరు కట్టించారో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్లకూ తెలియదు.

ఒక అర్ర, ఒక వసారా, అంతే ఇల్లు. ముఖం దక్షిణానికి. అటు ముఖం పెట్టి ఎవరూ ఇల్లు కట్టుకోరు. దీన్ని అట్లా కట్టింది మనుషుల సుఖం కోసం కాదు, ఎండ కోసం. వసారాకు నడుమ ఒకటే టేకు కంబం, సరిగ్గా గడపకు ఎదురుగా ఉండేది. అర్రలోంచి బయటికి వస్తే ముందు దానికే తగలాలి. పెళ్లయి వచ్చిన రోజున నా నుదురు దానికే కొట్టుకుంది. మా అత్త నవ్వి, ‘దానికి మొక్కినవులే, మంచిగైంది’ అన్నది.

ఆ కంబం మొదట్నుంచి, అరచెయ్యి విప్పితే వేళ్లు పరుచుకున్నట్టు, నేల మీద గీతలు పోయేవి. కుంట కింద మడి ఉన్న ఒక్కో ఇంటికి ఒక్కో గీత. కంబం నీడ ఒక గీత మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలువునా పడుకుంటే ఆ ఇంటి వంతు అయిపోయినట్టు. వెంటనే పక్క ఇంటి వంతు మొదలు. వానాకాలం నీళ్లు దండిగా ఉంటాయి కాబట్టి ఈ లెక్క అక్కర్లేదు. యాసంగి పంటకే వంతులు.

ఆయన కాలువల మీద ఉంటే వసారాలో నీడను చూసేది నేను. నీడ గీత మీదికి రాగానే కట్ట ఎక్కి కేక వేసేదాన్ని. ‘మలుపూ’ అని నేను అరిస్తే ఆయన మలిపేవాడు. మబ్బు పట్టిన రోజు నీడ ఉండదు కదా, అప్పుడు నేను పొయ్యి మీద జొన్న గటక పెట్టాలి. కుండెడు గటక ఉడికేంత సేపు ఒక వంతు. ఆ రోజుల్లో మడి ఉన్న ప్రతివాడూ వచ్చి నా పొయ్యిలోకి తొంగి చూసేవాడు. నీ కట్టెలు పచ్చివి అని ఒకడు, నీ కట్టెలు మరీ ఎండినవి అని ఇంకొకడు. అట్లాంటి మాటలు పడ్డాను, తిరిగి అన్నాను. కానీ దొంగ అని ఎవరూ అనలేదు, ఆ యాసంగి దాకా.

అది తొంభైలు మొదలైన కొత్తలో. వానలు సరిగా పడలేదు. కుంటలో తూము నోటి దాకా కూడా నీళ్లు లేవు. నా పెనిమిటి చిన్నాయన కొడుకు, నాకు మరిది అవుతాడు, ఆయన మడి కాలువ చిట్టచివర ఉంటుంది. నీళ్లు తక్కువైతే ముందు ఎండేది చివరి మడే. పొట్టకొచ్చిన వరి కళ్ల ముందే తెల్లబడింది. ఆయన కుంటను తిట్టలేదు, వానను తిట్టలేదు. పంచాయితీ పెట్టించి, ‘అన్న నా గీత జరిపిండు, వదినె ముందుగాలనే కేకేస్తాంది’ అన్నాడు.

పంచాయితీ కూర్చునేసరికి పొద్దు వాలింది. గీత చూద్దామని వసారాకు వచ్చారు. ఎండ లేదు, నీడ లేదు. నీడ లేకుండా గీతను చూస్తే ఏం తెలుస్తుంది? నా పెనిమిటి ఒకటే మాట అన్నాడు. ‘రేపు పొద్దుగాల రాండ్రి. నీడనే చెప్తది.’ రేపటిదాకా ఎవరికీ తీరిక లేదు. ఒకాయన కాగితం రాశాడు. ఇష్టపూర్వకంగా నీరటి పని వదులుకుంటున్నాను అని రాసినట్టు చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నాడు. దాని నకలు ఒకటి మాకిచ్చాడు. నేను దాన్ని రేకు పెట్టెలో అడుగున పెట్టాను.

కొత్త నీరటిని ఎవరూ పెట్టలేదు కాబట్టి ఆ ఇంట్లోనే ఉన్నాం, రెండేళ్లకు ఆయన పోయాడు. దమ్ము పట్టి పోయాడు, అవమానం పట్టి పోయాడని నేను అనను. కానీ ఆ రెండేళ్లు కుంట వైపు ముఖం పెట్టి కూర్చోలేదు.

తర్వాత ఊళ్లోకి చదువు చెప్పేవాళ్లు వచ్చారు. యాభై దాటాక నేను పలక పట్టింది ఎందుకంటే ఆ కాగితం కోసం. మధ్యాహ్నం పూట బడి వసారాలో కూర్చుని ఏడాది నేర్చుకున్నాను. చదవగలననిపించిన రోజు పెట్టె తీశాను. ‘చేసిన తప్పు ఒప్పుకొని పని వదులుకుంటున్నాను’ అని ఉంది. వాళ్లు చదివింది ఒకటి, రాసింది ఒకటి. అక్షరాలు వచ్చినందుకు సంతోషపడాలని అందరూ అంటారు. నాకు మొదట వచ్చింది కోపం. ఆ కోపం ఇప్పటికీ ఉంది.

కాగితం రాసినాయన అప్పటికే పోయాడు. మరిది ఉన్నాడు. మరుసటి రోజు ఆయన వాకిట్లో నిలబడి ఆ కాగితం గట్టిగా చదివాను. ఆయన ఆవుకు గడ్డి వేస్తూ, ‘నాకు సదువు రాదు వదినె’ అన్నాడు. ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఆయన పక్కకు తొలగేవాడు, నేను తొలగేదాన్ని కాదు.

కాలం మారింది. బోర్లు వచ్చాయి, తర్వాత మడులు ప్లాట్లయ్యాయి. కుంట కింద ఒక విల్లాల కాలనీ లేచింది. ఇల్లు మాత్రం అట్లాగే పడి ఉంది. నేను కొడుకు దగ్గర ఊళ్లోకి మారాక అందులో గొర్రెలు పడుకునేవి. ఒకరోజు రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టి పోయారు.

అప్పుడు కాలనీ నుంచి ఒక మేడం మా ఇంటికి వచ్చింది. కోస్తా మనిషి, బ్యాంకులో పని చేసేదట. చేతిలో కాగితాల కట్ట.

‘అమ్మా, ఆ కుంట దగ్గరి ఇల్లు వందేళ్లు దాటిందండి. దాన్ని కూల్చకుండా అర్జీ పెడుతున్నాం. మన వారసత్వం కదా.’

‘ఎవలి వారసత్వం? నీదా నాదా?’ అన్నాను.

‘అందరిదీనండి.’

‘అందరిదైతే ఇన్నేండ్ల నుంచి అండ్ల గొర్లెందుకు పంటున్నయ్?’

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. కాగితం లాక్కుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. చదవకుండా దేని మీదా పేరు పెట్టను. సంతకం చేశాను.

‘అందులో మీరు ఉన్నారటగా అమ్మా? ఆ ఇంటి సంగతులు ఏమన్నా చెబుతారా, రాసుకుంటాను’ అని అడిగింది.

చెప్పలేదు. గీతల సంగతి చెప్తే దొంగతనం సంగతి చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ల ముందు నా పెనిమిటి పేరు ఆ మాటతో మొదలవ్వడం నాకు ఇష్టం లేకపోయింది. ‘ఏముంటయ్, కురిసేది, ఉరిసేది’ అని పంపించాను. ఈ కథలో నా తప్పు ఒకటుంది, అది ఇది.

ఎవరిని పట్టుకున్నారో ఏమో, రోడ్డు కొంచెం వంపు తిరిగింది, ఇల్లు నిలిచింది. ఏడాది పాటు బాగు చేయించారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున అందరూ రావాలని కబురొచ్చింది. యాసంగి ఎండ. నీడ చక్కగా పడే కాలం. ఇరవై ఏళ్లకు పైగా ఆ వసారా తొక్కలేదు నేను. ఊరివాళ్లందరూ ఉండగా నేల చూపిస్తాను, గీతను చూపిస్తాను అనుకుని పోయాను.

షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఇడ్లీ ప్లేట్లు, ఒక మైకు. ఊరి పెద్దరైతు అని ఒకరిని ముందు కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. చూస్తే నా మరిది. పెద్దరైతట! మడి అమ్మి పన్నెండేళ్లయింది.

గోడకు నల్లరాతి పలక బిగించారు. నేను గట్టిగా చదివాను. ఇది నీటి కాపలాదారు నివసించిన ఇల్లు, సున్నం రాయితో కట్టినది, అన్నీ బాగానే ఉన్నాయి. చివర ‘వసారా నేలపై కనిపించే గీతలు తీరిక వేళల్లో ఆడుకున్న ఆటకు సంబంధించినవి’ అని ఉంది.

‘ఆటనా?’ అన్నాను. ‘ఎవలు ఆడిన్రు? నేనా మా ఆయనా?’

మేడం పక్కనే ఉంది. ‘పులి మేక లాంటి ఆట అనుకున్నామండి. మీరు ఏమీ చెప్పలేదు కదమ్మా.’

ఆ మాట నిజం. నిజం ఎదురొస్తే నాకు ఇంకా మండుతుంది. వసారాలోకి పోయాను. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. నేల కడిగి గీతలు శుభ్రం చేశారు. అంతవరకు బాగానే ఉంది. తలెత్తి చూశాను. కంబం దాని చోట లేదు. పాత టేకు కంబమే, కానీ గడపకు ఎదురుగా లేదు. మూరెడు తూర్పుకు జరిగి ఉంది. పాత చోట నేల మీద పళ్లెమంత గుండ్రంగా తెల్ల సిమెంటు పూశారు.

ఇల్లు బాగు చేసిన మేస్త్రి ఒక పక్కన ఇడ్లీ తింటున్నాడు. ‘ఎవడు జరిపిండు దీన్ని?’ అని అడిగాను.

‘నన్ను జూస్తవేందవ్వా, మేడమోళ్లు జరుపుమన్నరు. గడపకు ఎదురుంగ కంబం ఉంటే మంచిది కాదట.’

‘వాస్తు పంతులుగారు చెప్పారండి,’ అన్నది మేడం. ‘ద్వారానికి ఎదురుగా స్తంభం ఉంటే దోషమట. చూడ్డానికి పిల్లలు వస్తుంటారు కదా, ఎందుకులే అని కాస్త పక్కకు పెట్టించాం. దూలం కిందే ఉందండి, బలానికేం ఢోకా లేదు.’

‘ఇండ్ల కాపురం పెడ్తవా? శోభనం జేస్తవా? ఎవలికి దోషం తల్లీ, గోడలకా?’

ఆమె ముఖం ఎర్రబడింది. నేను పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికే నా చూపు నీడ మీద ఉంది. కొత్త చోట నిలబడిన కంబం నీడ ఒక్క గీత మీద కూడా పడుకోవడం లేదు. రెండు గీతలను అడ్డంగా దాటి గోడ వైపు పోతోంది. తెలియనివాడు చూస్తే ఆ గీతలు గీసినవాడు గుడ్డివాడో దొంగో అనుకోవాలి.

తెలిసినవాడు కూడా అదే అనుకున్నాడు. మరిది శాలువా సర్దుకుంటూ వసారా ఎక్కాడు. వెనక ఊరివాళ్లు కొందరు. ఆయన చేతికర్రతో నేల మీద తన గీతను చూపించాడు.

‘సూడుండ్రి. ఇది నా గీత. నీడ అటు పోతాంది, గీత ఇటున్నది. అప్పుడు పొద్దుగూకిందని ఎవలు సూడలే. గిప్పుడు ఎండల సూడుండ్రి. నేనప్పుడన్నది అబద్ధమా?’

ముప్పై ఏళ్ల తర్వాత, కడిగి తుడిచిన నేల మీద నిలబడి, వందమంది వినేటట్టు ఇంకోసారి అన్నాడు. నా సాక్షిని నేనే సంతకం పెట్టి కాపాడుకున్నాను. ఇప్పుడు ఆ సాక్షి ఎదుటివాడి పక్కన నిలబడి ఉంది.

‘కంబం జరిపిన్రు, కనవడ్తలేదా?’ అన్నాను.

‘కంబం మూరెడు జరిగితే గీతలన్ని వంకర పోతయా? మాటలు సెప్పకు వదినె.’

షామియానాకు కట్టగా మిగిలిన బొంగు ఒకటి పక్కన పడి ఉంది. తీసుకొచ్చి తెల్ల సిమెంటు నడుమ నిలబెట్టి రెండు చేతులతో పట్టుకున్నాను. నీడ పోయి పడింది. మొదటి చూపుకే తెలిసింది, గీతల దారిలోనే ఉంది. మరిది గీతకు ఇంకా జానెడు ఇవతల ఉంది.

‘అరగంట ఆగు. నీ గీత మీదికొస్తది,’ అన్నాను.

‘నాకు పనున్నది.’

‘ముప్పై ఏండ్లు ఆగిన నేను. అరగంట ఆగలేవా? శాలువ కప్పిన్రు కదా, కూసో.’

ఎవరో నవ్వారు. అందుకే కూర్చున్నాడు, మర్యాదకు కాదు. కాసేపటికి మళ్లీ లేచాడు. ‘బొంగు వంకర వట్టినవ్. నీ దిక్కు వంచుతున్నవ్,’ అన్నాడు.

ఆ మాట నిజమే కావచ్చు. నా చేతులు వణుకుతున్నాయి. డెబ్భై దగ్గర పడ్డ చేతులు. అప్పుడు మేస్త్రి ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తన సంచిలోంచి గోడ నిలువు చూసే ఇనుప గుండు తీశాడు. దూలానికి పాత కంబం తల దిగిన గాడి ఇంకా ఉంది. దాంట్లో మేకు కొట్టి, తాడు వేలాడదీసి, గుండు ఊగకుండా తెల్ల సిమెంటు మీద నిలిపాడు. ‘దీన్నెవలు వంచలేరు తాతా. ఇగ సూడు,’ అన్నాడు.

సన్నని తాడుకు సన్నని నీడ. అప్పటికి ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఎవరో పాత కట్టడాల గొప్పతనం చెబుతున్నారు. వసారాలో మేం మాత్రం నేల చూస్తున్నాం. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆయన కర్ర మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నీడ జరుగుతూ ఉంటే కనపడదు, కాసేపు పక్కకు చూసి మళ్లీ చూస్తేనే తెలుస్తుంది. ఏళ్ల తరబడి దాన్ని అట్లాగే చూశాను నేను.

తాడు నీడ ఆయన గీత అంచును తాకింది. తర్వాత గీతలోకి దిగింది. మొదలు నుంచి చివర దాకా, గాడిలో పెట్టి నొక్కినట్టు, ఎక్కడా బయటికి రాలేదు. మేస్త్రి ‘అబ్బ’ అన్నాడు. ఊరివాళ్లు వంగి చూశారు. గచ్చులో అతుకు లేదు, కొత్త గీత లేదు, చెరిపిన గుర్తు లేదు.

మరిది మోకాళ్ల మీద కూర్చుని వేలు పెట్టి గీత పొడుగునా తడిమాడు. తర్వాత తలెత్తాడు.

‘మరి నాకు నీళ్లెందుకు తక్కువొచ్చినయ్ వదినె?’

‘కుంటల నీళ్లు లేక. పొద్దు తగ్గలే, నీళ్లు తగ్గినయ్. అందరికీ తగ్గినయ్. నీ మడి చివర్న ఉన్నది కనుక నీది ముందు ఎండింది.’

‘కండ్ల ముందట పంట వోయింది. ఎవల్ననాలె నేను?’

‘ఎవల్ననకుంటే ఏమైతుండె?’

నాకు ఆయన మీద జాలి రాలేదు. పంట పోయిన బాధ నాకు తెలుసు, మా మడీ ఎండింది ఆ యాసంగిలో. మేం ఎవరినీ దొంగ అనలేదు.

‘లే. మైకుల చెప్పు,’ అన్నాను.

‘గిప్పుడు మైకెందుకు? నీకు తెలిసె, నాకు తెలిసె...’

‘నువ్వన్నప్పుడు ఊరంత విన్నది. ఇందాక గూడ అందరు విన్నరు. లే.’

లేచాడు. మాట్లాడుతున్నాయన చేతిలోంచి మైకు అడిగి తీసుకున్నాడు. అది దగ్గరగా పట్టుకోవాలని తెలియక గట్టిగా అరిచాడు. ‘గీత సరిగనే ఉన్నది. జరిగింది కంబం. మా అన్న ఏం జరుపలే. అబద్ధం నాది.’

కాలనీవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో వాళ్లకు తెలియదు. ఇదంతా మేం వేసిన నాటకమనుకున్నారు. ఒక కుర్రాయన ఫోను పట్టుకుని వచ్చి, ‘అమ్మమ్మగారూ, ఆ తాడు నీడ ఇంకోసారి చూపిస్తారా, వీడియో తీసుకుంటాం’ అన్నాడు.

‘రేపు గీ యాల్లకే రా. పొద్దు నీకోసం వెనకకు రాదు,’ అన్నాను.

మేడం నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, ‘ముందే చెప్పి ఉంటే బాగుండేదండి’ అన్నది. ‘ఒకసారి చెప్పకపోతే ఇంకోసారి అడగాలె. కంబం జరిపేముందు నన్ను అడగకుండ వాస్తు పంతులును ఎందుకడిగిన్రు? కంబం పాత చోట పెట్టుండ్రి. ఆ పలక తీసెయ్యుండ్రి. అది అయ్యేదాక నన్ను పిలువకుండ్రి,’ అన్నాను. ఆమె సంఘంలో అడగాలన్నది. ఇద్దరు ముగ్గురు దోషం అంటూ నసిగారు. అయినా రెండు నెలలకు కంబం పాత చోట నిలబడింది. పలక ఊడదీశారు. కొత్తది ఏం రాయాలో అడగడానికి ఆమె వచ్చినప్పుడు చెప్పాను. ఈసారి అంతా చెప్పాను, ఆ కాగితం సంగతితో సహా. ఆమె ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. ఆమె మీద నాకున్న కోపం కొంత తగ్గింది. పూర్తిగా కాదు.

ఆ ఆదివారం షామియానా విప్పుతుండగా మరిది నా వెనకే వచ్చాడు. శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

‘ఇగనన్న మాట్లాడ్తవా వదినె?’

‘ఆ పంచాయితీల కూసున్న ఇండ్లల్ల ఎనిమిది ఇండ్లు ఇంక ఊర్లెనే ఉన్నయ్. వాళ్లల్ల ఇయ్యాల వచ్చింది ఇద్దరే. తక్కినోళ్లకు ఎవలు చెప్తరు? ఇంటింటికి పోయి నువ్వే చెప్పు. అప్పుడు జూద్దాం.’

‘ఇంటింటికా? ఈ వయసుల?’

‘ఆ వయసుల తిరిగినవ్ కదా, పంచాయితీ వెట్టియ్యడానికి.’

ఆయన తన దారిన వెళ్లాడు. ఇంటింటికి పోడనుకున్నాను. వారం తర్వాత బోరు దగ్గర కోడళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను, ముసలాయన కర్ర పట్టుకుని మూడిండ్లకు పోయి చెప్పి వచ్చాడట. నాలుగో ఇంటికి పోతే వాళ్లు పెళ్లికి పోయి తాళం వేసి ఉందట, అక్కడినుంచి ఇంటికి తిరిగొచ్చాడట.

వాళ్లు గురువారం వస్తారని కనుక్కుని, శుక్రవారం మళ్లీ పొమ్మని కబురు పెట్టాను.